మొలతాడు పోయి బెల్టు వచ్చింది – హుక్కు కుట్టే కూలి కదల్లేదు

గుడ్డ మారితే గుడ్డను ఒంటిమీద పట్టి ఉంచే సామానూ మారుతుంది. మొలతాడు, బొందు, పిన్నీసు, హుక్కు, గుండీ, జిప్పు, బెల్టు – ఇవన్నీ చూడడానికి చిల్లర సామాన్లు. వ్యవసాయ కూలీల సమస్యలు రాసే చోట వీటికేం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. పని ఉంది. ఈ చిల్లర సామాన్లు చేసి, అమ్మి, కుట్టి బతికేవాళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నారు. ఏడాదిలో సగం రోజులు నాట్లకూ, కలుపుకూ, పత్తితీతకూ వచ్చి, మిగతా సగం రోజులు సూదీ దారం పట్టుకుని ఇంటి అరుగుమీద కూర్చునే ఆడవాళ్ళు మన సంఘం మీటింగులకు వచ్చేవాళ్ళే. పొలం కూలి ఎంతో అందరికీ తెలుసు. వాళ్ళ సూది కూలి ఎంతో ఎవరి లెక్కలోనూ లేదు. మన సంఘం లెక్కలో కూడా లేదు.

ఈ మార్పు ఎట్లా వచ్చిందో చూడాలంటే అహోబిలానికి పోతే చాలు. నల్లమల అడుగున దిగువ అహోబిలం, కొండమీద ఎగువ అహోబిలం. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. సంక్రాంతి మరునాడు కనుమతో ఇక్కడ పారువేట మొదలవుతుంది. స్వామి తన పెండ్లికి జనాన్ని తానే పిలుచుకోవడానికి బయలుదేరతాడని నమ్మిక. పల్లకీ నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్ళు తిరిగి, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల నాటికి గుడి చేరుతుంది. పల్లకీ దిగిన ప్రతి ఊరూ ఆ పూటకు చిన్న తిరునాళ్ళే. గాజుల బండ్లు, పూసల అంగళ్ళు, బొమ్మలు, మిఠాయిలు. నమ్మకాల జోలికి మేం పోవడం లేదు. మేం చూసేది అంగళ్ళను. చేతిలో నాలుగు డబ్బులున్నప్పుడు కూలివాడు ఏం కొంటాడో తిరునాళ్ళ అంగడి చెప్పినంత నిజంగా ఏ సర్వే చెప్పదు.

పెద్దవాళ్ళను అడిగితే ఆ కాలపు అంగడి ఎట్లుండేదో చెబుతారు. నల్ల మొలతాళ్ళు, ఎర్ర మొలతాళ్ళు కట్టలు కట్టలుగా వేలాడేవి. సవరాలు, జడకుచ్చులు, చెక్క దువ్వెనలు, పూసల దండలు, పిన్నీసుల గుత్తులు ఉండేవి. మొగవాళ్ళకు వక్కాకు తిత్తులు, సున్నపు కాయలు. ఇప్పుడు అదే చోట రెక్సిను బెల్టులు, టోపీలు, నల్ల కళ్ళద్దాలు, జుట్టు క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, సెల్‌ఫోను కవర్లు. మొలతాడు పూర్తిగా పోలేదు. చంటిపిల్లల నడుముకూ, దిష్టికీ మిగిలింది. పడుచుపిల్లలు కాలికి కట్టుకునే నల్లదారంగా మారి కొత్తగా మళ్ళీ గిరాకీ తెచ్చుకుంది. కానీ గుడ్డ నిలబెట్టడానికి మొలతాడు కొనేవాడు ఇప్పుడు లేడు.

మా తాతల తరంలో పొలం పనికి పోయే కూలివాని ఒంటిమీద ఉండేవి గోచి, తలకు రుమాలు, చలికి కంబళి. గోచికి ఆధారం మొలతాడు. అంటే ఆయన బట్టకు కావలసిన అదనపు సామాను ఒకే ఒక్కటి. దానికే తాళంచెవి, దానికే ముల్లు తీసుకునే చిన్న పట్టకారు. నూలు ఈ నేలదే. నంద్యాల నల్లరేగడి పత్తికి ఎప్పటినుంచో పేరు. 1906లోనే నంద్యాలలో వ్యవసాయ పరిశోధన కేంద్రం పెట్టినారు. ఆ కేంద్రం విడుదల చేసిన ఒక పత్తి రకానికి ‘నరసింహ’ అని పేరు కూడా పెట్టినారు. ఇక రుమాలు సంగతి చెప్పనే అక్కరలేదు. ఎండకు తలగుడ్డ, మోపుకు చుట్టకుదురు, సంతకు పోతే మూట, రాత్రికి పరుపు. ఆడవాళ్ళది పదహారు మూరల కోక. గోచి పోసి బిగించి కట్టేవాళ్ళు. లోలంగా లేదు, దానికి బొందూ లేదు. రైక ఉన్నవాళ్ళకు ముందువైపు ముడి, అంతే. చాలామంది ముసలమ్మలకు ఆ రైక కూడా లేదు.

ఆ కాలాన్ని తలచుకుని, ఊరి అవసరాలు ఊళ్ళోనే తీరేవని, ఎవరూ పట్నం సరుకుకు చేయి చాచేవాళ్ళు కాదని పొగిడే పెద్దలున్నారు. మేం పొగడం. గాంధీగారు 1921 సెప్టెంబరులో మధురలో చొక్కా విడిచి కొల్లాయి కట్టుకున్నారు. దేశమంతా మొక్కింది. ఆయనకు విడవడానికి చొక్కా ఉంది. మన తాతలకు విడవడానికి ఏముంది? గోచి వాళ్ళ వ్రతం కాదు, వాళ్ళ కూలి రేటు.

దానికితోడు కట్టడి ఒకటి. చేతిలో డబ్బున్నా ఎవరు ఏం కట్టుకోవాలో ఊరి పెత్తందార్లే తేల్చేవాళ్ళు. పెద్దింటి ముందు పోతుంటే తలమీది రుమాలు చంకలోకి రావాలి. కాళ్ళ చెప్పులు చేతిలోకి రావాలి. తోలు ఊనేదీ మాదిగలే, చెప్పులు కుట్టేదీ మాదిగలే. కుట్టిన చెప్పు తొడుక్కుని రచ్చబండ ముందు నడిచే హక్కు మాత్రం వాళ్ళకు లేదు. ఇది మన రాయలసీమకే పట్టిన పీడ కాదు. తిరువాన్కూరు రాజ్యంలో నాడార్ స్త్రీలు రొమ్ముమీద గుడ్డ కప్పుకోవడానికి ఏళ్ళ తరబడి దెబ్బలు తిని కొట్లాడితే 1859లో గానీ రాజు ప్రకటన రాలేదు. అది కూడా పై కులాల తీరున కప్పుకోరాదనే మెలికతో వచ్చింది. 1927 డిసెంబరులో మహద్‌లో డాక్టర్ అంబేద్కర్ దళిత స్త్రీలకు చెప్పిన మాటలు ఇక్కడ గుర్తు చేసుకోవాలి. చీర పై కులాల ఆడవాళ్ళు కట్టినట్టే కట్టండి, మెడకూ చేతులకూ కులం గుర్తుగా వేలాడే ఆ బరువు సొమ్ములు తీసి పారేయండి అన్నారు. ఒక సామానును ఎందుకు వదలాలో, ఇంకొకదాన్ని ఎందుకు తొడుక్కోవాలో అంత సూటిగా చెప్పిన నాయకుడు అరుదు. చెప్పిన ఆ రోజుల్లోనే చాలామంది స్త్రీలు కట్టు మార్చుకున్నారు.

కాబట్టి కూలివాడు ప్యాంటు తొడిగితే, బెల్టు పెడితే, అది ఫ్యాషన్ పిచ్చి అని నవ్వేవాళ్ళతో మాకు పేచీ ఉంది. భూస్వామి కొడుకు ప్యాంటు తొడిగితే చదువుకున్నాడంటారు, కూలివాని కొడుకు తొడిగితే చెడిపోయినాడంటారు. మా అనుభవంలో చొక్కా గుండీ పెట్టుకుని, చెప్పులేసుకుని కూలి రేటు మాట్లాడ్డానికి పోయినవాడు, రుమాలు చంకలో పెట్టుకుని పోయినవానికంటే నాలుగు మాటలు ఎక్కువే మాట్లాడినాడు.

మార్పు ఒక్కసారిగా రాలేదు. టెర్లిను, టెర్రికాటను ముందు ఉద్యోగస్తుల ఒంటిమీదికి వచ్చి, తర్వాత పాతబట్టలుగా కూలివాళ్ళకు దిగినాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సగం ధరకు జనతా చీరలు, ధోవతులు ఇచ్చింది. ఆనాటికి ప్రభుత్వం దృష్టిలో పేదవాని బట్ట అంటే చీర, ధోవతే. రెండింటికీ గుండీ అక్కరలేదు, హుక్కు అక్కరలేదు. కేంద్రం 1985 జవుళి విధానంతో కృత్రిమ నూలుకు దారి వెడల్పు చేసింది. పాలియెస్టరు చౌకయింది, తొందరగా చినగదు. నేతగాని ధోవతి ఓడిపోయింది. మధ్యలో లుంగీ వచ్చింది, దానితోపాటు జేబున్న వెడల్పాటి పచ్చ బెల్టు వచ్చింది. బీడీ కట్ట, అగ్గిపెట్టె, చిల్లర అన్నీ అందులోనే. మొలతాడుకు అసలైన వారసుడు ఆ పచ్చ బెల్టే. తర్వాత బెంగుళూరుకూ, హైదరాబాదుకూ బేల్దారి పనికి పోయిన పిల్లలు ప్యాంట్లతో తిరిగొచ్చినారు. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పనులు మొదలైనాక ఆడవాళ్ళ చేతికి కూలి నేరుగా వచ్చింది. ఆ డబ్బులో కొంత బట్టల మీదికి పోయింది. పోతే తప్పేముంది?

ఇప్పుడు ఆడవాళ్ళ బట్ట లెక్క చూడండి. పదహారు మూరల కోక పన్నెండు మూరల చీర అయింది. గుడ్డ తగ్గింది కదా, ఖర్చు తగ్గాలి. తగ్గలేదు. చీర నిలవాలంటే లోలంగా, లంగాకు బొందు. అంచు నిలవాలంటే ఫాల్సు, కొన అరగకుండా పీకో. జాకెట్టుకు లైనింగు, హుక్కులు. భుజం మీద కొంగుకు పిన్నీసు. పెండ్లికో తిరునాళ్ళకో కట్టే చీరయితే కొంగుకు పూసల కుచ్చులు, జాకెట్టు వెనక తాళ్ళు, తాళ్ళ కొసలకు గుత్తులు, చేతులకు మగ్గం వర్కు. ఆళ్ళగడ్డలో గానీ నంద్యాలలో గానీ ‘మ్యాచింగ్ సెంటర్’ అని బోర్డు కనిపిస్తుంది చూడండి. మా చిన్నప్పుడు ఆ మాటే లేదు. చీర అమ్మకుండా చీర చుట్టూ ఉండే సామాను మాత్రమే అమ్మి బతికే అంగడి అది. కోక తనంతట తాను నిలబడేది, చీరను నిలబెట్టడానికి ఇంత పటాలం కావాలి.

అట్లని ఆడవాళ్ళు వెనక్కి పోయి పదహారు మూరలు చుట్టుకోవాలని మేం అనం. కలుపు తీసేచోట ఆ బరువు ఎవరు మోస్తారు? నిజానికి పొలంలో ఆడవాళ్ళు తమ మార్పు తామే చేసుకున్నారు. పత్తితీతకు, మిరపకోతకు పోయే గుంపును చూడండి. చీరమీద మొగవాని ఫుల్ చేతుల చొక్కా. పత్తికాయ మొనలు గీసుకోకుండా, ఎండకు చేతులు కాలకుండా, మిరప మంట అంటకుండా అదొక కవచం. ఏ దర్జీ కనిపెట్టలేదు, ఏ కంపెనీ ప్రకటన ఇవ్వలేదు. మొగుని పాత చొక్కా, లేదంటే సంతలో అమ్మే పాతబట్టల చొక్కా. ఒక గుండీ తెగితే ఒక పిన్నీసు. ఆ చొక్కాలో ఇంకొక లాభం కూడా ఉంది, దాన్ని మొగవాళ్ళు గమనించరు. దానికి జేబు ఉంది. ఆడవాళ్ళ బట్టకు జేబు పెట్టాలనే ఆలోచన ఏ కాలంలోనూ ఎవరికీ రాలేదు. ముందు వక్కాకు తిత్తి నడుముకు దోపుకునేవాళ్ళు. తర్వాత కొంగున ముడి. ఇప్పుడు సెల్‌ఫోను పెట్టుకోవాల, మేస్త్రీ ఫోను చేస్తే ఎత్తాల. కొంగుముడిలో ఫోను నిలవదు. అందుకే పొలం నుంచి తిరిగొచ్చేటప్పుడు కూడా చాలామంది ఆ చొక్కా విప్పరు.

ఈ మార్పులో ఎవరి బతుకులు పోయినాయి? మొదట పూసలవాళ్ళవి. నెత్తిన గంప పెట్టుకుని పూసలు, పిన్నీసులు, దువ్వెనలు, సవరాలు ఊరూరూ తిరిగి అమ్మిన కులం అది. డబ్బు లేకపోయినా ఫరవాలేదు, తల దువ్వుకున్నప్పుడు రాలిన చిక్కువెంట్రుకలు దాచిపెట్టి ఇస్తే పిన్నీసులు ఇచ్చేవాళ్ళు. ఆ వెంట్రుకలే శుభ్రం చేసి సవరాలు కట్టేవాళ్ళు. ఊరి వెంట్రుక ఊరి జడకే చేరేది. ఇప్పుడు జడ పొట్టిదయింది, క్లిప్పు వచ్చింది, సవరం పెండ్లికూతురికి ఒక్కరోజు అలంకారంగా మిగిలింది. వెంట్రుకల కొనుగోలు మాత్రం ఆగలేదు, ఇంకా పెరిగింది. వీధుల్లో వెంట్రుకలకు స్టీలు సామాన్లు ఇస్తామని కేకలు వినబడుతూనే ఉంటాయి. అవి విగ్గులకోసం విదేశాలకు పోతున్నాయి. గంప ఎత్తిన మనిషికి దక్కేది అదే పాత చిల్లర, చేతులు మారేకొద్దీ పెరిగే ధర దళారీలది.

గుండీల కథ కూడా ఇదే. బీహారులో తూర్పు చంపారన్ జిల్లాలో మెహ్సీ అనే ఊరుంది. నీలిమందు రైతుల పోరాటంతో 1917లో చంపారన్ పేరు మనందరికీ తెలిసిందే. ఆ మెహ్సీలో బూఢీ గండక్ నదిలో దొరికే ఆల్చిప్పలు కోసి, సానబట్టి గుండీలు చేసేవాళ్ళు. దేశమంతా పోయేవి. చొక్కాలు పెరిగితే ఆ గుండీలకు గిరాకీ పెరగాలి కదా. చొక్కాలు పెరిగినాయి, మెహ్సీ పడిపోయింది. ఎందుకంటే గిరాకీ పెరిగింది చౌక గుండీకి. ప్లాస్టిక్కు, నైలాను, పాలియెస్టరు గుండీలు అచ్చుల్లో లక్షలుగా ఊడిపడ్డాయి. 2001 ఏప్రిల్‌లో దిగుమతుల మీద మిగిలిన పరిమాణ ఆంక్షలు కూడా ఎత్తేసినాక చైనా సామాను తలుపులు తోసుకుని వచ్చింది. అక్కడ చియావ్‌తౌ అని ఒక ఊరు, గుండీలు, జిప్పులే దాని బతుకు. గిరాకీ పెరిగితే చేతివృత్తివాడు బాగుపడతాడనే మాట బడి పుస్తకంలో ఉంటుంది. బజారులో అట్లా జరగదు.

ఇప్పుడు ఆ ప్లాస్టిక్కు గుండీకి కూడా ఎదురుదెబ్బ తగులుతున్నది. తిరుప్పూరు నుంచి వచ్చే టీషర్టుకు గుండీ లేదు. కుర్రవాళ్ళు పొలానికీ, బజారుకూ అదే. ట్రాక్ ప్యాంటుకు జిప్పు లేదు, బెల్టు లేదు, ఒక ఎలాస్టిక్కు పట్టీ. ఆడపిల్లల లెగ్గిన్సుకు బొందు లేదు, అదీ ఎలాస్టిక్కే. నైటీకి ముందు ఒక జిప్పు, అంతే. ఇంకొక విచిత్రం. వెయ్యేళ్ళుగా ఏ సామానూ అడగని పంచెకు ఇప్పుడు అంటించుకునే వెల్‌క్రో పట్టీ పెట్టి, జేబు కుట్టి అమ్ముతున్నారు. పట్నం నుంచి దర్శనానికి వచ్చే పిల్లవానికి పంచె కట్టడం రాదు మరి. అహోబిలం మెట్లమీద యాత్రికుణ్ణి డోలీలో మోసే కూలి మాత్రం నిక్కరు తొడిగి, భుజాన మడత టవాలు వేసుకుంటాడు. రుమాలుకు అసలు పని ఇంకా మిగిలి ఉన్నది అక్కడే.

ఇంతవరకూ కొనేవాళ్ళ సంగతి, అమ్మేవాళ్ళ సంగతి. మాకు ముఖ్యమైనది కుట్టేవాళ్ళ సంగతి.

జీన్సు ప్యాంటు జేబు మూలల్లో చిన్న రాగి మేకులు ఉంటాయి, గమనించే ఉంటారు. అవి అలంకారానికి పుట్టలేదు. అమెరికాలో రీనో అనే ఊళ్ళో జేకబ్ డేవిస్ అనే దర్జీ, కట్టెలు కొట్టే కూలివాని ప్యాంటు జేబులు మాటిమాటికీ చినుగుతుంటే ఆ మూలల్లో మేకులు కొట్టినాడు. పేటెంటుకు డబ్బు లేక గుడ్డ వ్యాపారి లీవై స్ట్రాస్‌తో కలిసినాడు. 1873 మే 20న ఇద్దరి పేరా పేటెంటు వచ్చింది. ప్రపంచమంతా తెలిసిన పేరు వ్యాపారిది. దర్జీ పేరు ఎంతమందికి తెలుసు? కూలివాని జేబు కోసం పుట్టిన ఆ మేకును ఇప్పుడు మన రాయలసీమలోనే కూలివాళ్ళు కొడుతున్నారు. అనంతపురం జిల్లా రాయదుర్గం, ఆ పక్కన బళ్ళారి జీన్సు కుట్టుకు పేరుపడ్డ ఊళ్ళు. వాన లేక సేద్యం పోయిన కుటుంబాలు ఆ మిషన్ల మీద బతుకుతున్నాయి. గుండీ కొట్టడం, మిగిలిన దారాలు కత్తిరించడం ముక్కల లెక్కన ఇచ్చే పని. ముక్కకు ఇంత అంటారు. ముక్కలు లేనిరోజున ఏమీ లేదు.

పట్నాల ఫ్యాక్టరీల్లో కనీసం గుంపు ఉంది, గొంతు ఉంది. 2016 ఏప్రిల్‌లో బెంగుళూరు గార్మెంటు స్త్రీలు వేలాదిగా రోడ్లమీదికి వచ్చి, భవిష్యనిధి డబ్బు తీసుకోవడం మీద కేంద్రం పెట్టిన కొత్త నిబంధనను వెనక్కి తీసుకునేట్టు చేసినారు. మన పల్లెలో అరుగుమీద కూర్చున్న ఆమెకు గుంపు ఎక్కడిది? ఎవరి ఇంట్లో వాళ్ళే.

మేం ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో తిరుగుతూ ఈ పని చేసే ఆడవాళ్ళతో మాట్లాడినాం. చొక్కా కాజాలు ఇప్పుడు టౌనులో మిషను మీద కొడుతున్నారు, ఆ పని పోయింది. మిగిలింది జాకెట్టు చేతిపని. అంచు మడిచి కుట్టడం, హుక్కులు కుట్టడం, ఎదురు దారపు కన్నులు వేయడం. టౌను దర్జీ మూట కట్టి పంపిస్తాడు, రెండో రోజు మనిషి వచ్చి తీసుకుపోతాడు. జాకెట్టు కుట్టించుకునే ఆమె దర్జీకి వందల్లో ఇస్తుంది. అందులో హుక్కులు కుట్టినామెకు చేరేది టీనీళ్ళ ఖర్చు. చీర కుచ్చుల పని కాస్త మేలు. అయినా అక్కడ కూడా పూసలూ దారమూ ఎవరివి, చెడిపోతే నష్టం ఎవరిది అనే పేచీ ఎప్పుడూ ఉంటుంది. పెండ్లిళ్ళ ముహూర్తాలు ఉన్న నెలల్లో రాత్రి పగలు పని, మూఢం వస్తే చేతులు ముడుచుకోవడం. ఒకామె మాతో అన్న మాట ఇది: “కలుపుకు పోతే పొద్దు గుంకేలోపల ఇంత అని ఉంటాది గదన్నా. దీనికి ఏముంది? పొద్దు గుంకినాంక కూడా కుడతాండాం. కండ్లు మంటలు. ఎంతయిందో చూడు అంటే, రేపిస్తాంలేమ్మా అంటారు.” పక్కనున్న ముసలామె నవ్వి, “ఇంట్లో కుచ్చోని చేసే పని గదా, కూలి ఏంటికని వాళ్ళ ల్యాక్క” అంది. ఆ ముసలామె ఒక్క మాటలో చెప్పిన లెక్కనే ప్రభుత్వాలు పెద్ద కాగితాలమీద రాసుకున్నాయి.

ఎట్లంటే, బడిపిల్లల యూనిఫారం చూడండి. ధోవతి, చీర పంచిన ప్రభుత్వమే తర్వాత బెల్టు, బూట్లు, సాక్సులు పంచే ప్రభుత్వం అయింది. 2020 అక్టోబరులో మొదలైన విద్యా కానుకలో మూడు జతల గుడ్డ, బెల్టు, బూట్లు, సంచి ఇచ్చినారు. 2024లో ప్రభుత్వం మారినాక దానికే సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అని పేరు పెట్టినారు. కూలివాని బిడ్డ రెడ్డిగారి బిడ్డతో సమానంగా బెల్టు పెట్టుకుని బడికి పోవడం మంచిదే, దాన్ని మేం మనసారా ఆహ్వానిస్తున్నాం. బెల్టులు, బూట్లు టెండర్ల మీద పెద్ద కంపెనీల నుంచి వస్తాయి. అంతా కోట్ల లెక్క. కుట్టుకూలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం విద్యా కానుకలో ఎనిమిదో తరగతి దాకా జతకు 40 రూపాయలు, తొమ్మిది, పది తరగతులకు 80 రూపాయలు లెక్కకట్టి తల్లి ఖాతాలో వేసినారు. 40 రూపాయలకు ఒక చొక్కా, ఒక నిక్కరు. అందులోనే దారం, గుండీలు, జిప్పు, హుక్కు, కాజాలు, చేతిపని. ఏ ఊరి దర్జీని అడిగినా నవ్వుతాడు. మిగతా డబ్బు తల్లి తన కలుపు కూలిలోంచి పెట్టుకుంటుంది. లేదంటే దర్జీ ఎక్కడ కోస్తాడు? చేతిపని చేసే ఆమె దగ్గర కోస్తాడు. కూలి తల్లి దగ్గర ఒక కోత, కుట్టే కూలి దగ్గర ఇంకొక కోత. రెండు చోట్లా కోత పడేది ఒకే వాడలో. చాలాసార్లు ఒకే మనిషికి.

చట్టం లేదా అంటే ఉంది. 1948 కనీస వేతనాల చట్టంలోనే రోజు లెక్కకే కాదు, ముక్కల లెక్కకూ కనీస రేటు పెట్టవచ్చని ఉండేది. దాన్ని మింగిన 2019 వేతనాల కోడ్‌లో కూడా ఆ మాట ఉంది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లో ‘ఇంటి నుంచి పనిచేసే కార్మికులు’ అని పేరు పెట్టి నిర్వచనం కూడా రాసినారు. కార్మిక సంఘాలు ఎంత వ్యతిరేకించినా నాలుగు కోడ్‌లను 2025 నవంబరు 21 నుంచి అమల్లో పెట్టినారు. సంఘాల వ్యతిరేకతలో మేమూ ఉన్నాం, దాని కారణాలు వేరే రాయాలి. అయితే వాళ్ళు రాసుకున్న మాటనైనా వాళ్ళచేత అమలు చేయించాల కదా. ప్రపంచ కార్మిక సంస్థ ఇంటిపని కార్మికుల కోసం 1996లోనే 177వ ఒడంబడిక తెచ్చింది. ఇంట్లో చేసినా ఫ్యాక్టరీలో చేసినా పనికి కూలిలో తేడా ఉండరాదని దాని సారం. భారత ప్రభుత్వం దానిమీద ఇంతవరకూ సంతకం పెట్టలేదు.

కొందరు కార్యకర్తలు ఒక అనుమానం లేవదీసినారు. దర్జీ కూడా పేదవాడే, రెడీమేడు పోటీకి అల్లాడుతున్నాడు, అతని మీద పోరాటం ఏమిటి అని. సరైన అనుమానమే. టౌను దర్జీతో తగవు పెట్టుకోవడం మా ఉద్దేశం కాదు. అతని చేతిలో ఉన్నది కూడా అంతంతే. కానీ బడి యూనిఫారం కుట్టుకూలి నిర్ణయించేది దర్జీ కాదు, ప్రభుత్వం. మొదట పట్టుకోవలసిన కొస అదే. ఆ రేటు నిజమైన ఖర్చుకు తగ్గట్టు పెరగాలి. కుట్టు పని ఎక్కడో కాంట్రాక్టరుకు పోకుండా మండలంలోని మహిళా సంఘాలకు, దర్జీలకు రావాలి. హుక్కు, గుండీ, అంచు – ఒక్కొక్క పనికి ఒక్కొక్క రేటు కాగితంమీద ఉండాలి. ఒకసారి ప్రభుత్వ పనికి రేటు నిలిస్తే, పెండ్లి జాకెట్టుకు రేటు అడగడానికి ఆడవాళ్ళకు ఒక ఆసరా దొరుకుతుంది. పొలం కూలి విషయంలో ఉపాధి పని రేటు ఎట్లా పనికొచ్చిందో మనం చూసినాం కదా.

దీనికి ముందు మనకే లెక్క కావాలి. రుద్రవరం, శిరివెళ్ళ, చాగలమర్రి, ఉయ్యాలవాడ, ఆళ్ళగడ్డ మండలాల్లో ప్రతి శాఖ ఒక నోటుబుక్కు తెరవాల. ఊళ్ళో ఎంతమంది చేతిపని చేస్తున్నారు, వారానికి ఎన్ని జాకెట్లు, ఎన్ని కొంగులు, జాకెట్టుకు ఎన్ని హుక్కులు, ఎన్ని గంటలు పట్టింది, చేతికి ఎంత వచ్చింది, దారం ఎవరు పెట్టుకున్నారు, బాకీ ఎంత నిలిచింది – రాసుకోవాల. మొగవాళ్ళు అడిగితే చాలామంది “మాదేముందిలే” అంటారు, అందుకని మహిళా కార్యకర్తలే పోవాల. అహోబిలం పారువేట ఊళ్ళమీద తిరిగే ఆ నలభై రోజులు దీనికి మంచి సమయం. కొత్తబట్టల పని మీద అందరూ సూదులు పట్టుకునే ఉంటారు. బడులు జూన్‌లో తెరుస్తారు. యూనిఫారం గుడ్డ ఊరికి చేరకముందే ఈ నోటుబుక్కులు మండల విద్యాధికారి బల్లమీదికి చేరాలి.